నినాదాన్ని ఎవరు దిద్దాలి?

నినాదాన్ని దిద్దవచ్చునా? దిద్దిన తర్వాత అది నినాదంగానే మిగులుతుందా, లేక వ్యాసంగా మారిపోతుందా? వినడానికి ఇవి వ్యాకరణ ప్రశ్నల్లాగా ఉంటాయి. కాని అభ్యుదయ సాహిత్యంలో పనిచేసిన ప్రతివాడూ వీటికి ఎప్పుడో ఒకప్పుడు సమాధానం చెప్పుకోవలసిందే. మనం పాటలు రాశాం. ఆ పాటల పల్లవులు చాలావరకు నినాదాలే. ఊరేగింపులో అవి బాగానే మోగాయి. ఊరేగింపు ముగిసి, జెండాలు చుట్టిపెట్టి, ఇంటికి వచ్చిన తర్వాత, ఆ పల్లవిలో చెప్పింది నిజమా, సగం నిజమా, ఎవరి పక్షాన నిజం అని ఎంతమందిమి ఆలోచించాం?

ఈ ప్రశ్నను నా ముందు సూటిగా నిలబెట్టింది మన సాహిత్యం కాదు; 1976లో వెలువడిన ఒక ఇంగ్లీషు గ్రామఫోను రికార్డు. దాని పేరు ‘కరెక్టెడ్ స్లోగన్స్’. దిద్దిన నినాదాలు అన్నమాట. దాన్ని తయారుచేసినవారు ఒకవైపు ‘ఆర్ట్ అండ్ లాంగ్వేజ్’ అనే కళాకారుల బృందం, మరొకవైపు ‘రెడ్ క్రేయోలా’ అనే అమెరికన్ రాక్ సంగీత బృందం. క్రేయాన్ అంటే పిల్లలు రంగులు వేసుకునే మైనపు కణిక. ముప్పయ్యేళ్లపాటు ఎర్రసిరాతో పిల్లల నోటుబుక్కులు దిద్దినవాణ్ణి కనక, ఎర్ర కణిక పేరు పెట్టుకున్నవాళ్లు నినాదాలు దిద్దారంటే వినకుండా ఉండలేకపోయాను.

వర్నిలో కూర్చున్న బడిపంతులుకి ఈ రికార్డు ఎట్లా దొరికిందని పాఠకులు అడగవచ్చు. హైదరాబాదులో ఉద్యోగం చేసే నా మేనల్లుడు ఒకసారి వచ్చినప్పుడు ఫోనులో వినిపించాడు. “మామా, నువ్వు నినాదాలు రాస్తవు గద, ఇగ ఇది విను” అన్నాడు. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి విసుగొచ్చింది. ఆపుతూ, వింటూ, మాటలు కాయితం మీద రాసుకుంటూ మూడోసారి విన్నప్పుడు మటుకు నవ్వూ రాలేదు, విసుగూ రాలేదు. నా సొంత పాట ఒకటి గుర్తుకొచ్చి మనసు చివుక్కుమన్నది. ఆ సంగతి ముందుకు పోయాక చెబుతాను. ముందు రికార్డు సంగతి.

ఆర్ట్ అండ్ లాంగ్వేజ్ బృందం 1967–68 ప్రాంతాల్లో ఇంగ్లండులోని కోవెంట్రీలో పుట్టింది. కోవెంట్రీ మోటారుకార్ల ఫ్యాక్టరీల ఊరు. టెర్రీ అట్కిన్సన్, డేవిడ్ బెయిన్‌బ్రిడ్జ్, మైకేల్ బాల్డ్విన్, హెరాల్డ్ హరెల్ దాని మొదటి సభ్యులు. తర్వాత మెల్ రామ్స్‌డెన్, చార్లెస్ హారిసన్ వంటివారు చేరారు. 1969లో ‘ఆర్ట్–లాంగ్వేజ్’ అనే పత్రిక మొదలుపెట్టారు. వీరి వాదం క్లుప్తంగా ఇది: బొమ్మ అంటే రంగూ గుడ్డా మాత్రమే కాదు, ఇది బొమ్మ అని మనచేత ఒప్పించే మాటలు గూడా బొమ్మలో భాగమే, అట్లాంటప్పుడు ఆ మాటల్నే ఎందుకు పరీక్షించకూడదు? ఈ ధోరణికి ‘కాన్సెప్చువల్ ఆర్ట్’ అని పేరు. మనం భావనాకళ అనుకోవచ్చు. 1972లో జర్మనీలోని కాసెల్ పట్నంలో జరిగిన ‘డాక్యుమెంటా’ ప్రదర్శనలో వీరు పెట్టింది ఒక్క బొమ్మ గూడా కాదు. ఎనిమిది ఫైలు బీరువాలు. వాటినిండా తమ వ్యాసాలు, గోడలమీద వాటి పట్టికలు. ఏ వ్యాసం ఏ వ్యాసంతో పొసగుతుంది, దేనితో పొసగదు, దేన్ని దేనితో అసలు పోల్చడానికే వీల్లేదు అని గుర్తులు వేసి పెట్టారు. తహసీలు కచేరీ చూసినవాడికి బీరువాలు కొత్త కాదు. కాని తాము రాసిన మాటల మధ్య ఉన్న తగాదాలను తామే పట్టికవేసి గోడకు తగిలించిన రచయితల సంఘం మటుకు నాకు కొత్త. మన సంఘాల మహాసభల తీర్మానాలన్నీ అట్లా ఒకచోట పెట్టి ఏది దేనితో పొసగదో గుర్తు వేస్తే ఎన్ని బీరువాలు కావాలో నేను ఊహించలేను.

రెడ్ క్రేయోలా 1966లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం, హ్యూస్టన్ నగరంలో ఏర్పడింది. మేయో థాంప్సన్ దాని ప్రాణం. తర్వాత నవలాకారుడిగా పేరు తెచ్చుకున్న ఫ్రెడరిక్ బార్తెల్మీ, స్టీవ్ కనింగ్‌హామ్ తొలి సహచరులు. 1967లో వచ్చిన వీరి మొదటి రికార్డు పేరు ‘ది పారబుల్ ఆఫ్ ఆరబుల్ ల్యాండ్’, సాగుభూమి నీతికథ. అందులో పాటకీ పాటకీ నడుమ వీరి మిత్రులు పదుల కొద్దీ చేరి, చేతికందిన వస్తువునల్లా వాయిస్తూ పెద్ద రొద చేస్తారు. వాయించడం వచ్చినవాడూ రానివాడూ అనే భేదం లేదు. అంటే గుంపును రికార్డులోకి తెచ్చినవాడు థాంప్సన్. మాటల్ని గోడమీదికి తెచ్చినవారు కోవెంట్రీవారు. వీరిద్దరూ న్యూయార్కులో కలుసుకున్నారు. 1970ల నడుమ ఆ కలయికలోంచి పుట్టిందే నేను చెబుతున్న రికార్డు. మాటలు వారివి; వాటికి వరసలు కట్టింది థాంప్సన్.

ఏ మాటలు? ప్రేమ లేదు, విరహం లేదు. పాటల పేర్లు చూడండి. ‘ప్లెఖనోవ్’, ‘ట్రాట్‌స్కీ తప్పులు’, ‘లూయీ నెపోలియన్’, ‘కాల్‌రిడ్జ్ మార్టినో వివాదం’, ‘సామాజిక శాస్త్రవేత్తలతో మాట్లాడకండి’ అనే అర్థం వచ్చేది ఒకటి, కానీకానీ కూడబెట్టే చిల్లర పెట్టుబడిదారుల పేరుతో ఒకటి. రోమను బానిసల చెరసాల పేరు ఒక పాటకు. తొలకరి జల్లుకు లేచే మట్టివాసన పేరు ఇంకో పాటకు. ఒక పాట పేరు ‘మహారాష్ట్ర’. మా ఊరి నుంచి ఆ సరిహద్దు ఎంతో దూరం లేదు కనక ఆ పేరు దగ్గర నా చెవి నిలబడింది. ఆ పాటకీ మా ప్రాంతానికీ ఏమీ సంబంధం లేదు. కాని ఆ పేరుతో నాకు పని పడబోతున్నది.

మాటలు వచనం, అదీ వ్యాసంలో ఉండే వచనం: ఉపవాక్యాలు, షరతులు, ఆక్షేపణలు, సమాధానాలు. వాయిద్యాల సరంజామా చాలా స్వల్పం: గిటారు, పియానో, కొన్ని గొంతులు. రాక్ సంగీతమంటే మనకు గుర్తొచ్చే హోరు ఇక్కడ తక్కువ. గొంతులు గూడా గాయకుల గొంతుల్లా ఉండవు. సభలో తీర్మానం చదివేవారి గొంతుల్లా ఉంటాయి. ఆ వచనాన్ని ఆ గొంతులు వరసలో పెట్టి పాడతాయి. వరస అయిపోతుంది, వాక్యం అయిపోదు. వాక్యం ముగుస్తుంది, వరస ఇంకా సగంలో ఉంటుంది. శ్రోత ఒక పదం మీద ఊనిక పడుతుందని ఎదురుచూస్తాడు. ఊనిక పోయి ‘కనక’, ‘అయినప్పటికీ’ వంటి మాటమీద పడుతుంది. మొత్తంమీద గతి తప్పిన నడక. మొదటిసారి నాకు నవ్వొచ్చింది ఇందుకే.

ఈ రికార్డు గురించి మన మిత్రుల్లో రెండు రకాల అభిప్రాయాలు రావడానికి అవకాశం ఉంది. రెండూ తప్పని నా ఉద్దేశం.

మొదటిది: ఇది క్షీణిస్తున్న బూర్జువా సంస్కృతి లక్షణం, ప్రజలకు అర్థంకాని కళ ప్రజాకళ కాదు, కొట్టిపారేయండి. ఈ మాట అనడానికి రికార్డు వినవలసిన అవసరం గూడా లేదు. అదే దీని లోపం. అర్థం కాకపోవడం ఒక్కటే నేరమైతే మన సంఘాల ప్రణాళికలు ఎన్ని నిలుస్తాయి? పైగా ఈ పాటల వస్తువు బూర్జువాల విలాసం కాదు. వామపక్షపు సొంత ఇంటి తగాదా. ప్లెఖనోవ్ రష్యాలో మార్క్సిజానికి ఆద్యుడు; కళకీ సమాజానికీ సంబంధం మీద ఆయన చెప్పిందాన్ని అభ్యుదయ విమర్శకులు చాలామంది పునాదిగా తీసుకున్నారు; ఆ ప్లెఖనోవే 1917 అక్టోబరు విప్లవాన్ని వ్యతిరేకించాడు. ఆ పేరు మీద పాట కట్టడం విలాసమని నేననుకోను. అమెరికాలో ఎస్.డి.ఎస్. అనే విద్యార్థి సంస్థ 1969లో చీలి నశించిన ఏడేళ్లకు, ఆ సంస్థ పేరు పెట్టుకున్న పాటతో వచ్చింది ఈ రికార్డు. వెనకనున్న జనం చెదిరిపోయిన తర్వాత, చేతిలో మిగిలిన నినాదాల కట్టను విప్పి చూసుకునేవాడి పని ఇది. అట్లా చూసుకోవలసిన అవసరం మనకు రాలేదని ఎవరైనా అనగలరా?

రెండోది: అర్థం కాకపోవడమే దీని గొప్ప, శ్రోతను ఇబ్బంది పెట్టడమే విప్లవం, రూపాన్ని విరిస్తే వ్యవస్థ విరుగుతుంది. ఇది మొదటిదాని కంటె నాజూకైన తప్పు. రూపం విరిగినంత మాత్రాన ఏదీ విరగదు. విరిగిన రూపాలను కొని గోడకు తగిలించుకునే స్తోమత ధనికులకు ఎప్పుడూ ఉంది. ఎనిమిది బీరువాలను గూడా మ్యూజియంలు జాగ్రత్తగానే చూసుకుంటాయి.

మరి ఈ రికార్డులో విలువైనది ఏమిటి? నా జవాబు వినడానికి కాస్త విడ్డూరంగా ఉండవచ్చు. దీనిలో విలువైనది బుర్రకథలో ఉన్నదే.

బుర్రకథలో ముగ్గురుంటారు. నడుమ తంబురా పట్టిన కథకుడు. అటూ ఇటూ డక్కీలు వాయించే ఇద్దరు వంతలు: ఒకడు రాజకీయం చెబుతాడు, ఒకడు హాస్యం చెబుతాడు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఈ రూపాన్ని చేతికి తీసుకున్నప్పుడు, షేక్ నాజర్ దాన్ని శిఖరానికి ఎక్కించినప్పుడు, మనం కథకుణ్ణి మెచ్చుకున్నాం, రాజకీయపు వంతను మెచ్చుకున్నాం. హాస్యపు వంతను మటుకు, జనం నిద్రపోకుండా ఉండడానికి పెట్టిన ఏర్పాటని అనుకున్నాం. ఇది పొరపాటు. చిన్నతనంలో మా దగ్గరి క్యాంపులో బుర్రకథ చూసిన జ్ఞాపకం నాకు ఇప్పటికీ ఉంది. కథకుడు ఆవేశంగా ఒక మాట అంటాడు. హాస్యగాడు డక్కీ ఆపి, అదేమిటి, ఎందుకట్లా, మరి నా సంగతేమిటి అని అడ్డం తగులుతాడు. జనం నవ్వుతారు. ఎందుకు నవ్వుతారు? తమ గొంతులో ఉన్న సందేహాన్ని వాడు అడిగాడు కనక. అప్పుడు కథకుడు తన మాటను కొంత మార్చి, కొంత తగ్గించి, మళ్లీ చెప్పక తప్పదు. అంటే నినాదాన్ని దిద్దే ఏర్పాటు ఆ రూపంలోనే ఉంది. ఆ ఎర్రసిరా హాస్యగాడి చేతిలో ఉంది.

‘దిద్దిన నినాదాలు’ రికార్డులో ఈ హాస్యగాడి పాత్ర ధరించింది సంగీతం. గంభీరమైన సిద్ధాంత వాక్యం వస్తుంది. వరస దాని కాలికి అడ్డం పడుతుంది. వాక్యం తూలుతుంది. తూలినప్పుడు తెలుస్తుంది, ఆ వాక్యంలో ఏ మాట బరువుకు నిలుస్తుందో, ఏ మాట కేవలం అలవాటుకొద్దీ వచ్చిందో. ఇదే వ్యాసాన్ని పత్రికలో చదివితే ఆ తేడా తెలియదు, కన్ను జారిపోతుంది. పాడితే దాక్కోవడానికి చోటు లేదు. పాట గూడా వాక్యం చేతిలో దెబ్బ తింటుంది. తీయని వరస వచ్చినప్పుడు మనం మాటలు పట్టించుకోకుండా తల ఊపుతాం. ఇక్కడ తల ఊపబోతే షరతులతో కూడిన వాక్యం అడ్డు తగిలి ఆపుతుంది. ఒకదాన్నొకటి దిద్దుకుంటాయి.

ఇప్పుడు నా పాట సంగతి చెప్పాలి.

మా ప్రాంతం సంగతి తెలియనివారికోసం నాలుగు మాటలు. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ మంజీరా నీటిని మా పొలాలకు తెచ్చింది. నీటి వెనక వరి, చెరకు వచ్చాయి. కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి భూములు కొని, బంజర్లు కొట్టుకుని, క్యాంపులు కట్టుకున్నారు. 1930ల చివర బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేచింది. ఆసియాలోకెల్లా పెద్దదని పేరు పొందింది. 2002లో దాని వాటాల్లో నూటికి 51 ప్రైవేటు చేతికి పోయాయి. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. ఆ చిమ్నీ నుంచి పొగ వస్తే పండగ వచ్చినట్టుండేది మాకు. క్రషింగు రోజుల్లో బళ్ల వరస, తర్వాతి కాలంలో ట్రాక్టర్ల వరస, గాలిలో మడ్డి వాసన. ఇవన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

ఫ్యాక్టరీ తెరిపించాలని 2016లో జరిగిన ఒక ఊరేగింపుకి నేను పాట రాశాను. చెరకు రైతు మనవాడని, మిల్లు కార్మికుడు మనవాడని, ఫ్యాక్టరీ మనందరిదని పల్లవి. నాలుగు అక్షరాల నడక, గట్టి యతి. పిల్లలు ఒక్కసారి వినగానే పట్టేశారు. ముందురోజు సాయంత్రం బస్టాండు దగ్గర పాడి చూసుకుంటూ ఉంటే, జీవితమంతా చెరకు కొట్టే పనిలో గడిపిన ఒక పెద్దాయన పక్కన బీడీ తాగుతూ విన్నాడు. పాట అయిపోయాక అన్నాడు:

“సారూ, పాట మంచిగున్నది. రైతు ఉన్నడు, మిల్లోడు ఉన్నడు. మరి చెరుకు కొట్టినోడేడి?”

“రైతు అంటే అందరూ వస్తరు కాకా” అన్నాను.

“ఎట్లొస్తరు సారూ? నాకు గుంట భూమి లేదు. ఆ మరాఠోళ్లు సంసారమంత బండిల ఏసుకొని అవతల నుంచి వచ్చి చలిల పడి కొడుతుండిరి. వాళ్లకు గీ ఊరే లేదు. ఫ్యాక్టరీ మనదంటివి, వాళ్లది గూడనా?”

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి కూర్చుని పల్లవిలో చెరకు కొట్టేవాణ్ణి చేర్చాను. మహారాష్ట్ర నుంచి వచ్చేవాణ్ణి చేర్చాను. చేర్చేసరికి గతి తప్పింది. ‘మనది’ అన్న మాటను పాత చోటులో ఉంచడానికి వీల్లేకపోయింది. ఎవరికి ఎంత మనది అని షరతు పెట్టవలసివచ్చింది. పొద్దున పిల్లలచేత పాడిస్తే నాలుక తిరగలేదు, అడుగు పడలేదు. ఊరేగింపుకి టైమైంది. నేనేం చేశాను? చేర్చిన మాటలు తీసేశాను. పాత పల్లవే పాడించాను. అది అద్భుతంగా మోగింది. ఆ పెద్దాయన రోడ్డు పక్కన నిలబడి వింటూ ఉండడం చూశాను. ఆయన ఏమీ అనలేదు.

ఇందులో తప్పు నాది. మరెవరి మీదికీ నెట్టదలచుకోలేదు. కాని ఈ తప్పు నా ఒక్కడిదే కాదని గూడా చెప్పాలి. మనం సత్యాన్ని వదిలి గతిని నిలబెట్టుకున్న సందర్భాలు ఎన్ని ఉన్నాయో ఎవరికి వారు లెక్క చూసుకోవలసిందే. ‘దున్నేవాడిదే భూమి’ అన్న నినాదం మా కాలవ కింద ఎంత చిక్కుల్లో పడిందో చూడండి. సొమ్ము పెట్టి కొని, తానే నాగలి పట్టి బంజరు దున్నిన వలస రైతు దున్నేవాడే. తరతరాలుగా అక్కడే కౌలు చేసిన స్థానికుడు దున్నేవాడే. ఇద్దరి నాగళ్లూ పట్టిన కూలివాడు అసలైన దున్నేవాడు. నినాదం ముగ్గురి నోటా ఒకటే. ముగ్గురూ ఎదురెదురు నిలబడ్డారు. నినాదం తప్పని నేననడం లేదు. అది వేల ఎకరాల దొరల ఎదట నిలబడ్డప్పుడు దిద్దుబాటు అక్కర్లేని నినాదం. పరిస్థితి మారిన తర్వాత దిద్దకపోవడం మన తప్పు.

అంచేత, ‘దిద్దిన నినాదాలు’ మూడోసారి విన్నప్పుడు నాకు తెలిసినదేమంటే: ఆ గతి తప్పిన నడక చేతకానితనం కాదు. నేను తీసేసిన మాటల్ని వాళ్లు తీసెయ్యలేదు. దిద్దుబాటు వల్ల పాట కుంటుతుంటే, పాటను కుంటనిచ్చారు. ఈ నిజాయితీకి నేను తలవంచుతాను. 1976 నుంచి ఇప్పటిదాకా ఈ రికార్డు బతికి ఉండడానికి కారణం ఇదేనని నా నమ్మకం.

తలవంచినంత మాత్రాన విమర్శ మానుకోనక్కర్లేదు. ఈ రికార్డుకు పెద్ద లోపమే ఉంది. అది దుర్బోధత కాదు. నినాదాన్ని దిద్దుతున్నవారూ, నినాదాన్ని రాసినవారూ ఒక్కరే కావడం. బుర్రకథలో హాస్యగాడు వేదిక మీద ఉన్నా, వాడి నోట్లో ఉన్న ప్రశ్న వేదిక కింద కూర్చున్నవారిది. ఇక్కడ హాస్యగాడూ సంఘసభ్యుడే. ప్రశ్న గూడా బీరువాలోనిదే. బస్టాండు దగ్గర బీడీ తాగుతూ విన్నవాడు ఈ రికార్డులోకి రాడు. రావడానికి దారి లేదు. చిత్రమేమంటే, 1967 నాటి సాగుభూమి రికార్డులో గుంపు ఉంది, మాట లేదు. 1976 నాటి రికార్డులో మాట ఉంది, గుంపు లేదు. రెండూ కలిసిన రికార్డు వారి దగ్గర కావాలని ఎదురుచూడడం న్యాయమే.

1981లో వచ్చిన ‘కంగారూ?’ కొంతవరకు అటువైపు నడిచింది. పేరు చివర ప్రశ్నార్థకం ఉన్న ఈ రికార్డును లండనులోని రఫ్ ట్రేడ్ సంస్థ విడుదల చేసింది. ప్లెఖనోవ్, ట్రాట్‌స్కీ పాటలు ఇందులో మళ్లీ వచ్చాయి. ఈసారి అసలైన వాద్యబృందం ఉంది. లోరా లాజిక్ గొంతు, శాక్సఫోను ఉన్నాయి. జీనా బర్చ్ బేస్ గిటారు ఉంది. ఆ స్త్రీ కంఠం పార్టీ నిర్మాణ సూత్రాల వంటి వస్తువును పాడుతుంటే ఆ వస్తువు ఒక్కసారిగా ఇంకొకరి ఆస్తి అయినట్టుంటుంది. అదే మాట వేరేవారి నోటికి మారితే మాటే మారుతుందని ఈ రికార్డు రుజువు చేస్తుంది. ఇందులోనే జాక్సన్ పొలాక్ శైలిలో లెనిన్ చిత్రం అన్న పేరుతో పాట ఉంది. ఆర్ట్ అండ్ లాంగ్వేజ్‌వారు అదే పేరుతో బొమ్మలు గూడా వేశారు. రంగును గుడ్డమీద ఒలకబోసిన పొలాక్ పద్ధతి అమెరికా స్వేచ్ఛకు గుర్తుగా ప్రచారమైంది. లెనిన్ ముఖం సోవియట్ వాస్తవికతకు గుర్తు. ప్రచ్ఛన్నయుద్ధపు రెండు శిబిరాలనూ ఒక్క గుడ్డమీద కూర్చోబెట్టారు. అక్కడ హాస్యగాడు బాగా పనిచేశాడు. 2007, 2010 సంవత్సరాల్లో గూడా వీరు కలిసి రికార్డులు చేశారు. పని ఆపకపోవడం మెచ్చదగిందే గాని, ఆ గుంపు మళ్లీ రాలేదు.

ఇదంతా పరాయి దేశపు సంగతి అనుకునేవారికి ఒక మాట. మాటను గోడమీద పెట్టడం మనకు కొత్త కాదు. నిజామాబాదు ఖిల్లా జైలులో ఉన్నప్పుడు దాశరథి పళ్లపొడి కోసం ఇచ్చిన బొగ్గుతో గోడలమీద పద్యాలు రాశాడు. వట్టికోట ఆళ్వారుస్వామి ఆ జైలులో తోడున్నాడు. జైలు అధికారులు చెరిపిస్తే మళ్లీ రాశాడని చెబుతారు. ఆ గోడ ప్రదర్శనశాల కాదు. దాన్ని చదివినవాడు ఖైదీ. 1965లో దిగంబర కవులు తమ మొదటి సంపుటాన్ని హైదరాబాదులో అర్ధరాత్రివేళ ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. అది గూడా ఒక భావనాకళే. అటువంటి పేరు మనం పెట్టలేదు, అంతే. కాని ఆ ఆవిష్కరణ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకొక ప్రశ్న వేధిస్తుంది. ఆయన చేతికి పుస్తకం ఇచ్చాం, బాగుంది. ఎర్రసిరా ఇచ్చామా? ఇందులో ఏ మాట తప్పో చెప్పు అన్నామా? బస్టాండు దగ్గరి పెద్దాయనను నేను అడగలేదు, ఆయనే చెప్పాడు. చెప్పినా నేను తీసుకోలేదు.

కనక నా తీర్పు ఇది. ‘దిద్దిన నినాదాలు’ సగం బుర్రకథ. కథకుడు ఉన్నాడు, రాజకీయపు వంత ఉన్నాడు, హాస్యగాడి పనిని వరస చేస్తున్నది. కింద కూర్చున్న జనం లేరు. మన పాటల సంగతి చూస్తే, కింద జనం ఉన్నారు, కథకుడు ఉన్నాడు, రాజకీయపు వంత ఉన్నాడు; హాస్యగాణ్ణి ఎప్పుడో ఇంటికి పంపేశాం. వాళ్లది సగం, మనది సగం. వాళ్ల సగాన్ని చూసి మనం నవ్వవచ్చు. కాని నవ్వేముందు మన వేదిక మీద ఖాళీగా ఉన్న చోటు చూసుకోవాలి.

మన సంఘాలు పాటల పోటీలు పెడతాయి, శిక్షణ శిబిరాలు పెడతాయి. ఎవరికోసం రాశామో వారిచేత పాటను దిద్దించే కూటమి ఒక్కటైనా పెడతాయా? పెడితే మన పాటలు కొన్నాళ్లు కుంటుతాయి. యతి చెడుతుంది, చప్పట్లు తగ్గుతాయి. అందుకు సిద్ధపడాలి.

నా మటుకు నేను, తీసేసిన ఆ మాటల్ని మళ్లీ పల్లవిలో చేర్చాను. పాట ఇంకా కుంటుతూనే ఉంది. ఆ పెద్దాయన ఇంటికి పోయి వినిపించాను. చివరిదాకా విని, “మాట సరిపోయింది సారూ, పాట సరిపోలే” అన్నాడు. ఎట్లా సరిచెయ్యాలి కాకా అని అడిగాను. చెరకు కొట్టేటప్పుడు పాడుకునే ఒక వరస పట్టి, నా పల్లవిని అందులో పెట్టి, రెండు పదాలు తీసేసి, ఒక పదం చేర్చి చూపించాడు. అది నా నాలుకకి ఇంకా పట్టుబడలేదు. నేర్చుకుంటున్నాను.